అక్కడ వేయాల్సింది సున్నం కాదు, సున్నపు తేట

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ రంజాన్ పేజీలో ‘మలేసియా కేకులు’ అని నాలుగు వంటకాలు వేశారు. హలీం, దహీ బడే, షీర్ ఖుర్మా గురించి ఏటా చదివేదే. ఈసారి మలయ్ ముస్లింల ఇఫ్తార్ పళ్లెంలో ఏముంటుందో చూపించినందుకు మెచ్చుకోవాలి. కానీ కోసుయి అనే తీపి వంటకం కొలతల్లో ‘సున్నం – 1 చెంచా’ అని అచ్చయింది. అది చూసి ఎవరైనా వండి పిల్లల ముందు పెట్టకముందే ఈ తప్పు సరిదిద్దాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తమలపాకుకు రాసుకునే సున్నం ముద్ద చెంచాడు నేరుగా పిండిలో పడితే వంటకం సబ్బులా చేదెక్కుతుంది, నోరు పొక్కుతుంది. మలయ్ ఇళ్లలో వేసేది సున్నం మీద తేరిన నీళ్లు మాత్రమే. తినే సున్నం ఒక చెంచా తీసుకుని గ్లాసు నీళ్లలో కలిపి, కదపకుండా నాలుగైదు గంటలు ఉంచాలి. రాత్రి కలిపి పెడితే ఇంకా మంచిది. తెల్లటి మడ్డి అడుగుకు దిగాక పైన అద్దంలా ఉన్న తేటను మెల్లగా వంచుకోవాలి. 150 గ్రాముల పిండికి ఆ తేట ఒక చిన్న చెంచా చాలు. గోడలకు వేసే సున్నం దీనికి పనికిరాదు. ఆ తేట వల్లే ఉడికిన పిండికి సాగే గుణం, కొరికితే తిరిగి పైకి లేచే బిగువు వస్తాయి. అది లేకుండా చేస్తే కోసుయి మెత్తగా, ముద్దగా మిగులుతుంది. చెడిపోయిందని కాదు, కోసుయి కాకుండా పోతుందంతే.

కొలతలు కూడా సరిగ్గా ఇస్తాను. బియ్యప్పిండి 100 గ్రాములు, కర్రపెండలం పిండి 50 గ్రాములు, తాటిబెల్లం 180 గ్రాములు, నీళ్లు అర లీటరు, చిటికెడు ఉప్పు. సగం నీళ్లలో బెల్లం కరిగించి వడకట్టాలి. మిగతా సగం నీళ్లలో పిండి, ఉప్పు, సున్నపు తేట కలుపుకోవాలి. వేడి పాకాన్ని పిండి నీళ్లలో పోస్తూ కలిపి, సన్నటి సెగ మీద పెట్టి, పలుచటి గంజిలా కాస్త చిక్కబడగానే దించెయ్యాలి. మీ పేజీలో ఈ దశ లేదు. చిక్కబరచకుండా కప్పుల్లో పోస్తే పిండి అడుగుకు చేరి కింద రబ్బరు, పైన చక్కెర నీళ్లు అవుతాయి. కప్పులను ఖాళీగా ఆవిరిలో ఐదు నిమిషాలు వేడిచేసి, అప్పుడు పిండి పోసి, పెద్ద మంట మీద 12 నుంచి 15 నిమిషాలు ఉడికించాలి. ఆవిరి బలంగా తగిలితే నడుమ చిన్న గుంట పడుతుంది. ఆ గుంటను చూసి పిండి సరిగా కుదరలేదని పారేయకండి, బాగా కుదిరిన కోసుయికి గుర్తే అది. పూర్తిగా చల్లారాకే కప్పులోంచి తీయాలి. వేడి మీద తీస్తే సగం కప్పుకే అంటుకుంటుంది.

ఇక ‘కేకు’ అన్న మాట. మలయ్‌లో వీటిని కుయిహ్ అంటారు. చైనా నుంచి వచ్చి స్థిరపడిన హొక్కియన్ వాళ్ల మాట నుంచి వచ్చిన పేరు అది. కుయిహ్‌లలో చాలావాటికి పొయ్యి మీద ఆవిరే ఆధారం. వాటిలో మైదా, బేకింగ్ పౌడర్, ఓవెన్ ప్రసక్తి దాదాపు ఉండదు. కేకు అనగానే మన పాఠకులు బేకరీని తలుచుకుంటారు, గుల్లగా పొంగాలని ఎదురుచూస్తారు, పొంగకపోతే సోడా ఉప్పు వేస్తారు. వంట చెడేది అక్కడే. కుడుములు, ఉండ్రాళ్లు, సర్వపిండి చేసే చేతికి కుయిహ్ కొత్త విద్య కాదు. బియ్యప్పిండి, కొబ్బరి, బెల్లం, ఆవిరి అన్నీ మనింట్లో ఉన్నవే. ‘ఆవిరి పిండివంటలు’ అని రాసినా సరిపోయేది.

భాషలోనూ మనకు చుట్టరికం ఉంది. మలయ్‌లో రంజాన్ ఉపవాసాన్ని ‘పువాసా’ అంటారు. అది మన ‘ఉపవాసం’ మాటే. బెల్లాన్ని, చక్కెరను ‘గులా’ అంటారు, సంస్కృతం ‘గుడ’ నుంచి. మీరు మూడో వంటకంగా ఇచ్చిన ‘సెరి ముకా’లో సెరి అంటే శ్రీ, ముకా అంటే ముఖం. కింద తెల్లటి అన్నం పొర, పైన నిగనిగలాడే ఆకుపచ్చ పొర ఉంటుంది కాబట్టి ఆ పేరు అతికినట్టే ఉంటుంది. మీ పేజీలో ‘సెర్రీ మూకా’ అని పడింది. శ్రీముఖం అని ఒక్క ముక్క రాసి ఉంటే చదివేవాళ్లకు జీవితాంతం గుర్తుండేది.

అన్నిటికంటే దగ్గరి బంధుత్వం మన బియ్యం సంచి మీదే ఉంది. సాంబ మసూరి, సోనా మసూరి అని రోజూ అనే మాటల్లోని ‘మసూరి’ మలయ్ పేరు. లంకావి దీవి కథల్లోని మహ్సూరి అనే స్త్రీ పేరు మీద 1965లో మలేసియాలో ఒక వరి రకం విడుదలైంది. ఆ సంకరం మొదట కటక్‌లోని వరి పరిశోధన కేంద్రంలో జరిగింది, ఎంపిక అప్పటి మలయాలో, అంటే ఇప్పటి మలేసియాలో జరిగింది. ఆ మహ్సూరిని ఒక తల్లిగా తీసుకునే బాపట్లలో బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, పుట్టింది, 1986లో రైతులకు చేరింది. వరంగల్, కరీంనగర్ చెరువుల కింద, కాకతీయ కాలువ కింద అంతగా పండిన బియ్యం అదే. అంటే మన బియ్యంతో కుయిహ్ చేస్తే ఆ బియ్యం పుట్టింటికి వెళ్లినట్టే.

పిండి విషయంలో మీ వంటకాలన్నిటికీ ఒకే లోపం ఉంది: ‘బియ్యప్పిండి’ అని రాసి వదిలేశారు. ఏ పిండి? దుకాణంలో దొరికే పొడిపిండికీ, సకినాలకు నానబోసి గిర్నికి తీసుకెళ్లే తడిపిండికీ చాలా తేడా ఉంది. పొడి బియ్యం మరలో వేడెక్కి, నూక మిగిలి, ఉడికాక నాలుకకు ఇసుకలా తగులుతుంది. నానిన బియ్యం చల్లగా, మెత్తగా నలుగుతుంది. కుయిహ్‌కు తడిపిండే రుచి. అయితే కొలత మారుతుంది. తడిపిండి 100 గ్రాముల్లో 30 గ్రాముల దాకా నీళ్లే ఉంటాయి, పొడిపిండిలోనూ కొంత తేమ ఉంటుంది. అందుకే 200 గ్రాముల పొడిపిండి అన్నచోట 250 గ్రాముల తడిపిండి తీసుకుని, వంటకంలో నీళ్లు 50 మిల్లీలీటర్లు తగ్గించాలి. ఇది రాయకపోతే ఒకరికి గట్టిగా, ఒకరికి జారుగా వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ అంతుపట్టదు. గిర్నిలో ఇంకో సంగతి చూసుకోవాలి: అంతకుముందు కారమో పసుపో పట్టిన మరలో వేయించకండి. కొబ్బరిపాల వంటలో ఆ వాసన దాగదు.

మీరిచ్చిన లాపిస్, అదే పొరల కుయిహ్, మన బియ్యంతో చక్కగా కుదురుతుంది. పొడిపిండి లెక్కలో బియ్యప్పిండి 200, కర్రపెండలం పిండి 50, చక్కెర 200 గ్రాములు, చిక్కటి కొబ్బరిపాలు 400 మిల్లీలీటర్లు, నీళ్లు 400 మిల్లీలీటర్లు, ఉప్పు అర చెంచా. కర్రపెండలం పిండి దొరక్కపోతే సగ్గుబియ్యం మెత్తగా పట్టి జల్లించుకోవచ్చు. కాకపోతే సగ్గుబియ్యం తయారీలోనే కొంత ఉడికి ఉంటుంది, నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. అరగంట నానబెట్టి చిక్కదనం చూసుకోండి. కలిపిన పిండిని రెండు భాగాలు చేసి ఒకదానికి రంగు వేస్తారు. ప్రతి పొరకూ అదే గరిటె, అదే నింపుడు. పోసేముందు ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి. పిండి నిమిషంలో కిందికి దిగిపోతుంది, కలపకపోతే మొదటి పొరలు పలుచగా, చివరివి రాయిలా వస్తాయి. పొరకు ఐదు నిమిషాలు, ఆఖరి పొర పోశాక 15 నిమిషాలు ఉడికించాలి. కింది పొర ఉడకకముందే పైది పోస్తే రంగులు కలిసిపోతాయి. మరీ ఎక్కువసేపు ఉంచినా, మూత నుంచి నీటి చుక్కలు పడినా పొరలు అతుక్కోవు, చేత్తో ఎత్తగానే విడిపోతాయి. మూతకు బట్ట చుట్టమని అందుకే చెబుతారు. కొయ్యడానికి కనీసం నాలుగు గంటలు చల్లారాలి, కత్తికి నూనె రాయాలి.

ఇక మన బియ్యం పనికిరాని వంటకాలు రెండు మీ పేజీలోనే ఉన్నాయి: సెరి ముకా అడుగు పొర, లోపల బెల్లం పెట్టి ఉడికించే ఓండే-ఓండే ఉండలు. వీటికి మలయ్‌లో ‘పులుత్’ అనే బంక బియ్యం కావాలి. బియ్యంలోని పిండిపదార్థంలో గింజను పొడిపొడిగా ఉంచేది ఒకటి, అతుక్కునేలా చేసేది ఒకటి ఉంటాయి. బంక బియ్యంలో మొదటిది దాదాపు ఉండదు. సాంబ మసూరిలో గణనీయంగా ఉంటుంది, అందుకే మన అన్నం విడివిడిగా వస్తుంది, చల్లారితే గట్టిపడుతుంది. మీరు ‘బంక బియ్యం లేకపోతే మామూలు బియ్యప్పిండి వాడుకోవచ్చు’ అన్నారు. వాడితే ఓండే-ఓండే ఉండలు మరిగే నీళ్లలో పగిలి బెల్లమంతా కారిపోతుంది. పగలకుండా బతికినవి చల్లారేసరికి గోలీలవుతాయి. బంక బియ్యప్పిండి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అది లేనప్పుడు ఆ వంటకం జోలికి పోకుండా లాపిస్ చేసుకోవడమే మేలు.

తెప్పించుకున్నవాళ్ల కోసం: బంక బియ్యప్పిండి 200 గ్రాములు, గోరువెచ్చని నీళ్లలో కలిపిన పాండన్ (మొగలి జాతి సువాసన ఆకు) రసం మొత్తం 160 మిల్లీలీటర్లు. రసం అంతా ఒక్కసారే పోయకూడదు. ముద్ద అంచులు చిట్లుతుంటే నిమ్మకాయంత ముద్ద తీసి మరిగే నీళ్లలో ఉడికించి, తిరిగి పచ్చి పిండిలో కలిపి పిసకాలి. ఆ ఉడికిన ముద్ద మిగతాదాన్ని పట్టి ఉంచుతుంది. ఒక్కో ఉండకు 12 నుంచి 15 గ్రాముల పిండి, లోపల 3, 4 గ్రాముల బెల్లం ముక్క. తేలగానే తీయకండి. తేలడమంటే పిండి ఉడికిందని, బెల్లం కరిగిందని కాదు. ఇంకో రెండు నిమిషాలు ఉంచి, జల్లి గరిటెతో తీసి, నీళ్లు కారనిచ్చి, కొబ్బరి కోరులో దొర్లించాలి. ఆ కోరులో చిటికెడు ఉప్పు కలిపి పది నిమిషాలు ఆవిరి పట్టాలి, లేకపోతే పొద్దు కుంకేలోపే పులుస్తుంది. నోట్లో పెట్టుకుని పెదవులు మూసి కొరకాలి, లోపలి పాకం చిమ్ముతుంది. ఇఫ్తార్ వేళ పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

లోపల పెట్టే బెల్లాన్ని గులా మెలాకా అంటారు. కొబ్బరి పూగెల నుంచి దింపిన తీపి నీరు కాచి, వెదురు గొట్టాల్లో పోసి గట్టిపరుస్తారు. కల్లు గీసే ఊళ్లవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కుండకు సున్నం పూసి దింపితే నీరా, పూయకపోతే కల్లు. మనకు దగ్గరిది తాటిబెల్లం. చెరుకు బెల్లం వేస్తే తీపి వస్తుంది గానీ ఆ మాడు వాసన, కమ్మదనం రావు. తాటిబెల్లంలో మట్టి, పీచు ఉంటాయి కాబట్టి నీళ్లలో కరిగించి వడకట్టాలి. ఓండే-ఓండే కోసమైతే వడకట్టిన పాకాన్ని మళ్లీ ముదురుగా కాచి, చల్లార్చి ముక్కలు చేయాలి. కొబ్బరిపాలలో బెల్లం కలపాల్సి వస్తే పాకం చల్లారాకే. పరమాన్నం పాలు ఎందుకు విరుగుతాయో తెలిసినవాళ్లకు ఇదీ తెలుసు.

పాండన్‌కు బదులు ‘ఆకుపచ్చ రంగు 4 చుక్కలు’ అని మీరు రాశారు. రంగు వస్తుంది, వాసన రాదు. పాండన్ మన మొగలికి చుట్టం, ముళ్లుండవు. బాస్మతి బియ్యంలో ఉండే సువాసన పదార్థమే ఆ ఆకులోనూ ఉంటుంది. అందుకే కొన్ని నర్సరీల్లో దాన్ని బాస్మతి ఆకు అని అమ్ముతారు. కుండీలో నీడపట్టున పెంచితే ఏడాదంతా ఉంటుంది. పది ముదురాకులు ముక్కలు చేసి, 150 మిల్లీలీటర్ల నీళ్లతో రుబ్బి, రసం పిండి తీసి, ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టాలి. అడుగున దిగిన చిక్కటి పచ్చని రసమే అసలైనది, పైన లేత నీళ్లు పారబోయొచ్చు. మొక్క లేకపోతే రంగు చుక్కలు వేయడం కన్నా తెల్లగా వదిలేయండి. నీలి రంగు కావాలంటే కంచె మీది శంఖుపూలున్నాయి. మలయ్ వాళ్లూ బంక బియ్యానికి నీలం పట్టించేది ఆ పువ్వుతోనే. తొడిమలు తీసి 20 పూలను అర కప్పు వేడి నీళ్లలో నానబెడితే చాలు. నిమ్మరసం తగిలితే ఊదా రంగుకు మారుతుంది, కాబట్టి ఆ గిన్నె దరిదాపుల్లో నిమ్మకాయ పిండకండి.

మీరు వదిలేసిన ఒక వంటకం ఉంది. వరంగల్ వంటింటికి అన్నిటికంటే దగ్గరిది అదే: చారా బెర్లావుక్. గుంత పొంగనాల పెనం లాంటి ఇత్తడి అచ్చులో చేస్తారు, తీపి కాదు. మైదా 200 గ్రాములు, రెండో పిండుడు కొబ్బరిపాలు 400 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, పసుపు పావు చెంచా, ఉప్పు అర చెంచా కలిపి ఉండలు లేకుండా వడకట్టి అరగంట పక్కన పెట్టాలి. ఖీమా 150 గ్రాములు ఉల్లి, వెల్లుల్లి, మసాలాతో నీరు పూర్తిగా ఇగిరేదాకా వేయించుకోవాలి. గుంతలో నూనె రాసి, ముప్పావు వంతు పిండి పోసి మూత పెట్టండి. రెండు నిమిషాలకు అంచు గట్టిపడి నడుమ ఇంకా తడిగా, వణుకుతూ ఉంటుంది. చెంచాడు ఖీమా వేయాల్సిన క్షణం అదే. ముందే వేస్తే మునిగి అడుగంటుతుంది, ఆలస్యమైతే పైన ఒట్టిగా కూర్చుని తినేటప్పుడు రాలిపోతుంది. ఉల్లికాడ తురుము, ఎర్ర మిర్చి ముక్కలు చల్లి మళ్లీ మూత, సన్నటి సెగ, ఇంకో మూడు నాలుగు నిమిషాలు. తిరగేయకూడదు. పొంగనంలా తిరగేయడం మన చేతికి అలవాటు, ఆ ఒక్క అలవాటు ఆపుకోవాలి.

ఈ కొలతలన్నీ ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మలయ్ అమ్మమ్మల కొలత పేరు ‘అగక్-అగక్’. అంటే మన ‘అందాజ’. పిండి ఎంత? అందాజ. పాలు ఎంత? చూసి పొయ్యి. చేతి కింద నిలబడి నేర్చుకున్న పిల్లలకు అది చాలు. ఆ పిల్లలు కౌలాలంపూర్‌లో ఉద్యోగాల్లో పడ్డాక ఇఫ్తార్‌కు ముందు సాయంత్రం బజార్ రమదాన్ అంగళ్ల ముందు నిలబడి, ఒకప్పుడు అమ్మ చేసిన తెపుంగ్ పెలితా కొనుక్కుంటారు. అరటాకు దొన్నెలో అడుగున చెంచాడు చక్కెర, మీద పచ్చటి పిండి, ఆ మీద ఉప్పగా ఉండే కొబ్బరిపాల మీగడ. ఆ ఉప్పే ప్రాణం, అమ్మకానికి చేసేవాళ్లు అక్కడే చెయ్యి దాచుకుంటారు. మనింట్లోనూ అంతే. సకినాల చుట్టలో వాము ఎంత, గరిజెల పూర్ణంలో బెల్లం ఎంత అని రాసిపెట్టుకున్న ఇళ్లు ఎన్ని? ఊళ్లలో మలయ్ ఇళ్లవాళ్లు మగ్రిబ్‌కు (సూర్యాస్తమయ నమాజుకు) ముందు పళ్లేలు ఇరుగుపొరుగుకు పంపుకుంటారు. వచ్చిన పళ్లెం ఖాళీగా వాపస్ పంపరు. ఈ మర్యాద మన వాడల్లోనూ ఉన్నదే. పళ్లెంలో పోయడానికి వంట మిగిలి ఉండాలంటే కొలత గ్రాముల్లో కాగితం మీదికి ఎక్కాలి. కప్పులు, గ్లాసులు వద్దు, ఒకరి గ్లాసు ఇంకొకరి గ్లాసు కాదు.

నిలవ గురించి మీ పేజీలో ‘రెండు రోజులు ఉంటాయి’ అని ఉంది. ఉండవు. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది. మార్చి ఎండకు కొబ్బరిపాల వంటకం నాలుగైదు గంటలకే వాసన మారుతుంది. అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాత వండి మగ్రిబ్‌కు తినాలి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఐదు నిమిషాలు ఆవిరి పట్టి తినొచ్చు. ఫ్రిజ్ చల్లదనానికి బియ్యప్పిండి బిగుసుకుంటుంది, ఆవిరి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. సహర్‌కు దాచుకోవాలంటే ‘బహులు’ అనే కుయిహ్ ఉంది. గుడ్లు, చక్కెర, వేయించి జల్లించిన మైదాతో చేసే ఆ చిన్న రొట్టెల్లో కొబ్బరి లేదు కాబట్టి తడి తగలని డబ్బాలో వారం ఉంటాయి.

మిగతా సవరణలు మీ వీలు చూసుకుని వేయండి. కోసుయిది మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆపవద్దు. రేపటి సంచికలోనే, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ‘సున్నం – 1 చెంచా’ అన్నచోట ‘సున్నపు తేట – 1 చిన్న చెంచా’ అని వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హన్మకొండ